ఊరికి అన్నిటికన్నా అవసరమైన కట్టడం

రోము, ఫిబ్రవరి నెల నడిమి రోజు

అక్క సబీడియాకు తమ్ముడు పబ్లియస్ నమస్కారాలు. నువ్వు కులాసాగా ఉంటే సంతోషం. నా సంగతి అడగనక్కర్లేదు. రోములో ఉన్నవాడు కులాసాగా కాక ఇంకెలా ఉంటాడు?

రోజూ తెల్లవారకముందే లేచి, టోగా చుట్టుకుని, సెనేటరు వల్గియస్ గారి వాకిట్లో దండానికి నిలబడతాను. అక్కడికి వచ్చేవాళ్లకి లెక్కలేదు. ఆయన పేరుపెట్టి పలకరించేది మాత్రం కొద్దిమందినే, అందులో నేనొకణ్ణి. మొన్న ఆయన నా భుజం మీద చెయ్యి వేసి వీధి మలుపు దాకా నడిచారు. చూసినవాళ్లు చూశారు, చూడనివాళ్లకి నేనే చెప్పాను.

నది పక్కన ఆయన కట్టిస్తున్న స్తంభాల వసారా వచ్చే నెలకి పూర్తవుతుంది. దగ్గరుండి పని చూసినవాణ్ణి కనక ఆయన పేరు కింద నా పేరు కూడా చెక్కారు. అక్షరాలు చిన్నవే, అయినా మెడ కాస్త వెనక్కి వంచితే బాగానే కనిపిస్తాయి. పాలరాయంటే ఏమిటో నీకు చెప్పి లాభం లేదు. మన సాల్వీనలో తెల్లగా ఉండేవి సున్నమూ, మేకపాల జున్నూ తప్ప ఇంకేమున్నాయి? మన ఊరి నడిమైదానం, ఆ ఫోరం, గుర్తొస్తేనే నాకు ఒళ్లు చిరచిరలాడుతుంది. న్యాయాధికారి కూర్చునే అరుగు కింద పంది పడుకుంటుంది. ఆ గుడ్లమ్మే రూఫిల్లా వకీలు కన్నా గట్టిగా అరుస్తుంది.

అసలు సంగతి చెప్తాను. ఈ వేసవిలో మన ఊరి అధ్యక్ష పదవికి నిలబడుతున్నాను. వల్గియస్ గారి సిఫారసు ఉంది. ఊరికి ఏదో ఒకటి కట్టించకుండా ఓట్లడిగితే బాగుండదు కదా. అందుకని ఫోరంలో నాన్న వేయించిన వసారాని బాగుచేయిస్తాను. ఆ ఇటుక స్తంభాలకి పాలరాయి తొడిగిస్తాను, ఆ పెంకుల కప్పు పీకిస్తాను. బాగుచేసినవాడు తన పేరు చెక్కించుకోవడం ఎక్కడైనా ఉన్న ఆచారమే. కాబట్టి పైన ఉన్న రాత కూడా కొత్త కట్టడానికి తగ్గట్టు మారాలి. అపెల్లికోన్ అని ఒక గ్రీకు శిల్పి మే నెలలో వస్తాడు, పాలరాయి బళ్లు కూడా వాడి వెంటే వస్తాయి. వాడికి నీ చిక్కుడుగింజల గంజి మాత్రం పెట్టకు, రోములో నా పరువు పోతుంది.

వల్గియస్ గారి మిత్రుడు,
నీ తమ్ముడు పబ్లియస్


సాల్వీన, మార్చి మొదటి రోజు

వల్గియస్ గారి మిత్రుడికి ఇటుకబట్టీ సబీడియా రాస్తున్నది. నువ్వు కులాసా అని నువ్వే రాశావు కాబట్టి అడగను. నేనూ కులాసాగానే ఉన్నాను, నీ ఉత్తరం అందేదాకా.

చీకటితో లేచి పరాయివాడి గుమ్మం ముందు నిలబడి, వాళ్లు బుట్టలో పడేసిన రొట్టెముక్క పుచ్చుకుని రావడాన్ని స్నేహం అంటారని నాకు ఇన్నాళ్లూ తెలీదు. మన బట్టీ దగ్గర కుక్క కూడా రోజూ అదే చేస్తుంది. పాపం, అది ఎవరికీ ఉత్తరాలు రాయదు.

నాన్న పేరున్న రాతని మారుస్తావా? ఒరేయ్, ఆ వసారా ఎందుకు వచ్చిందో నీకు తెలుసా? నీకప్పటికి పళ్లు కూడా రాలేదు. సంతరోజున వాన పడితే ఆడవాళ్లు గంపలతో బళ్ల కింద దూరేవాళ్లు. ఒక చలికాలం రూఫిల్లా తల్లి అలా తడిసి, జ్వరం తగిలి పోయింది. నాన్న ఆ చితి దగ్గర్నుంచి తిన్నగా బట్టీకి వచ్చి, "ఈ వాయి అమ్మేది కాదు" అన్నాడు. ఆ వాయి ఇటుకలతోనే వసారా లేచింది. ఆయన ఏ పదవికీ నిలబడలేదు, ఎవరినీ ఓటడగలేదు. పురసభవాళ్లే ముచ్చటపడి ఆయన పేరు రాతిమీద చెక్కించారు.

నాన్నకి చదువు రాదు. ఆ ఒక్క పేరే చదివేవాడు. సంతకి వెళ్లినప్పుడల్లా ఆ రాయి కింద ఆగి, తలెత్తి, ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుని, "నుమేరియస్! నేనేనే అమ్మాయ్!" అని నావైపు తిరిగి నవ్వేవాడు. సొమ్మంతా నీ చదువు కోసం రోముకి పంపేసి, తన సమాధికి రాయి కూడా పెట్టించుకోలేదు. ఈ లోకంలో ఆయన పేరున్నది ఆ ఒక్కచోటే. దాని మీద ఉలి పడిందా, నీకు అక్క లేదనుకో.

కట్టించాలని చేతులు అంత దురద పెడుతుంటే ఫోరం వెనక ఊరి మరుగుదొడ్డి ఉంది, దాన్ని చూడు. చలికాలంలో కప్పు కూలింది, కాలవ పూడింది. అప్పట్నుంచి ఊరి పెద్దలంతా టోగాలు ఎత్తిపట్టుకుని జూనో గుడి వెనక గోడకి పోతున్నారు. మొన్న పూజారిణి చీపురు పుచ్చుకుని తరిమింది. "దేవత చూస్తోందిరా, సిగ్గుమాలినోళ్లారా!" అంటూ ఫోరం మధ్యదాకా వచ్చింది. నీ రోములో ఇలాంటి ఊరేగింపు ఎప్పుడైనా చూశావా?

చిక్కుడుగింజల గంజి తాగి పెరిగినవాడికి,
నీ అక్క


రోము, మార్చి నెలాఖరు

అక్కకు నమస్కారాలు. నీ ఉత్తరం చదివి చాలాసేపు నవ్వుకున్నాను. నీ కోపం ఎందుకో నాకు అర్థం కాదనుకున్నావా? పాలరాయి తొడిగిస్తానన్నాను, ఇటుకలు నీ దగ్గర కొంటానని అనలేదు. అదేగా? సరే, లోపలి గోడకి మన బట్టీ ఇటుకలే వేయిస్తాను, శాంతించు. మరుగుదొడ్డి హాస్యం మాత్రం బాగుంది. నీ నోటి దురుసుతనం ఏమీ తగ్గలేదు.

నాన్న పేరు గురించి ఊరికే రాద్ధాంతం చెయ్యకు. పదవి నాకొస్తే ఇంటిపేరు వెలుగుతుంది, ఇంటిపేరు ఆయనదే కదా.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సిన పని ఒకటుంది. కింద రాసిన ముక్క పురసభలో చదివించు. నా ముద్ర కూడా వేశాను.

"సాల్వీన పౌరులారా, పబ్లియస్ సబీడియస్ అనే నేను అధ్యక్ష పదవిని కోరుతూ మీకు మాట ఇస్తున్నాను. మన ఊరికి అన్నిటికన్నా అవసరమైన కట్టడం ఏదో మీరే చెప్పండి. దానిని నా సొంత ఖర్చుతో, పాలరాతితో, నా పేరుతో కట్టించి మీకు అర్పిస్తాను."

చూశావా ఆ వాక్యాల ఠీవి! ఫలానా కట్టడమని పేరు చెప్పకూడదు, ఎంపిక జనానికే వదిలేసినట్టు కనిపించాలి. ఈ మెళకువ వల్గియస్ గారే నేర్పారు. వాళ్లు వసారాయే అంటారు, ఇంకేమంటారు? ఉన్నదే అది ఒక్కటి.

కాబోయే అధ్యక్షుడు,
పబ్లియస్


సాల్వీన, ఏప్రిల్ నెల నడిమి రోజు

కాబోయే అధ్యక్షుల వారికి అక్క ఆశీస్సులు. నువ్వు చెప్పినట్టే చదివించాను. ఒక్క అక్షరం తీయలేదు, ఒక్క అక్షరం కలపలేదు.

ఆడదాన్ని కదా, సభలోకి రానివ్వరు. తలుపు దగ్గర రూఫిల్లా పక్కన నిలబడ్డాను. నాన్న స్నేహితుడు వెటులేనస్ తాత లేడూ, ఆయనే పెద్దగా చదివాడు. "అన్నిటికన్నా అవసరమైన కట్టడం ఏదో మీరే చెప్పండి" అనేసరికి ముందు వరసలో ఒకాయన "వసారా" అనబోయాడు. అంతలో తాత ఒక చేత్తో ఉత్తరం, ఒక చేత్తో పొట్ట పట్టుకున్నాడు.

"అయ్యా, వసారా సంగతి తర్వాత చూసుకుందాం. నాకిప్పుడు అవసరమైనది ఒక్కటే. అది ఫోరం వెనక కూలిపోయి ఉంది! నా మోకాళ్లతో జూనో గుడి దాకా పోలేను. పోయినా ఆ పూజారిణి చీపురుకి తప్పించుకోలేను!"

సగంమంది నవ్వారు. మిగతా సగంమంది నవ్వే స్థితిలో లేరు. ఎందుకంటావా? ముందురోజు సాయంత్రం నీ తరఫున ఒక్కొక్క సభ్యుడి ఇంటికీ ఒక గంపెడు ఎండు అంజూరాలు, తేనె కలిపిన ద్రాక్షసారాయం పంపాను. ఓట్లడిగేవాడు ఆమాత్రం మర్యాద చెయ్యకపోతే ఎలా? పాపం, ఒక్కరూ మిగల్చకుండా తిన్నారు. మర్నాడు ఓటుకి చేతులన్నీ ఒక్కసారే లేచాయి. లేచిన చేతులు దించకుండానే కొందరు బయటికి పరిగెత్తారు.

తీర్మానం రాగిరేకు మీద ఎక్కించారు. చట్టం నీకు నేను చెప్పాలా? పదవి కోరి ఊరికి ఇచ్చిన మాటని వెనక్కి తీసుకోడానికి లేదు. నువ్వు కట్టకపోతే నీ వారసులచేత కట్టిస్తారు. కాబట్టి, నాయనా, పాలరాతితో, నీ పేరుతో, మరుగుదొడ్డి.

వల్గియస్ గారిని అడిగానని చెప్పు. ఆయన నేర్పిన మెళకువ ఊరికెంతో పనికొచ్చింది.

అక్క


రోము, ఏప్రిల్ నెలాఖరు

సబీడియాకు.

నా పేరు! మరుగుదొడ్డి మీద! నీకు మతిపోయిందా?

కబురు నీ ఉత్తరం కన్నా ముందే రోముకి చేరింది. నిన్న వల్గియస్ గారింట్లో విందు. ఎవడో వెధవ లేచి, "పబ్లియస్, నువ్వు కట్టించే సభలో కూర్చోడానికి టోగా కట్టుకోవాలా, ఎత్తుకోవాలా?" అని అడిగాడు. వల్గియస్ గారికి నవ్వుతో పొలమారింది. ఇవాళ పొద్దున వాకిట్లో ఆయన నా పేరు పిలవలేదు. నావంక చూసి పక్కవాడి చెవిలో ఏదో అన్నారు, ఇద్దరూ నవ్వారు. ఇన్నేళ్లు నిలబడ్డ కాళ్లు అక్కా ఇవి! ఒక్క గంపెడు అంజూరాలతో నా శ్రమంతా బూడిదలో పోశావు.

నా ఎదుగుదల నువ్వు ఓర్వలేవని నాకు ఎప్పటినుంచో తెలుసు. మొగుడు పోయాక నాన్న బట్టీ పట్టుకుని వేలాడుతున్నావు, నేను కూడా మట్టి తొక్కాలని నీ కోరిక. విను. ఇక్కడ నా తండ్రి ఎవరని అడిగితే భూస్వామి అని చెప్తాను. ఇటుకలు కాల్చుకునేవాడి పేరు, సంతకం కూడా రానివాడి పేరు, ఫోరం నెత్తిన ఎందుకుండాలి? దాన్ని చూసి గర్వపడేది నువ్వూ, గుడ్లమ్మేవాళ్లూ.

తీర్మానం సంగతి వల్గియస్ గారి చేత ఉత్తరం రాయించి రద్దు చేయిస్తాను. ఈలోగా వసారా పని ఆగదు. వచ్చీరాగానే నిచ్చెన వేసి ఆ పాత రాత గీకెయ్యమని అపెల్లికోన్‌కి రాశాను.

పబ్లియస్


సాల్వీన, మే నెల

పబ్లియస్‌కు.

నీ గ్రీకువాడు వచ్చాడు. నిచ్చెన వేశాడు. ఉలి పెట్టాడు. నేను బట్టీ దగ్గర ఉన్నాను, నాకు కబురు వచ్చేసరికి మొదటి అక్షరం పోయింది.

మిగతావి రూఫిల్లా కాపాడింది. సంతలో ఆడవాళ్లందరినీ పోగేసి నిచ్చెన చుట్టూ నిలబడింది. "దిగు నాయనా. దిగితే భోజనం పెడతాం, దిగకపోతే గుడ్లు పెడతాం, ఎక్కడ పడితే అక్కడ!" అంది. వాడు తెలివైనవాడు, దిగాడు. నా ఇంట్లోనే చిక్కుడుగింజల గంజి రెండుసార్లు అడిగి తాగాడు. తీర్మానం చూపిస్తే, "నాకు కట్టడం కావాలమ్మా, ఏదైతేనేం" అన్నాడు. నీ పాలరాయి బళ్లు ఫోరం వెనక్కి తోలించాడు.

నీ ఉత్తరం మళ్లీ మళ్లీ చదివాను. నాన్న లేకపోవడం ఇన్నాళ్లకి మంచిదనిపించింది. ఉండి ఉంటే నన్ను చదివి వినిపించమనేవాడు.

ఇక నీకు రాయను.


రోము, సెప్టెంబరు నెల

అక్కకు పబ్లియస్ నమస్కారాలు. నువ్వు కులాసాగా ఉన్నావో లేదో చెప్పేవాళ్లు కూడా లేరు. వేసవిలో రెండు ఉత్తరాలు రాశాను, జవాబు లేదు. ఎన్నికలకి రాలేదని ఊరు నవ్విందా? నవ్వనీ.

వల్గియస్ గారు పోయారు. చక్రవర్తికి ఆయన మీద ఏదో అనుమానం వచ్చింది. సెనేటు ఒక్క పూటలో తేల్చేసింది. మనిషిని చంపితే సరిపోదన్నారు, పేరు కూడా ఎక్కడా ఉండకూడదన్నారు. ఆయన విగ్రహం మెడకి తాళ్లు కట్టి లాగారు. మొన్న పుట్టినరోజుకి దానికి దండ వేసినవాడే దాని మొహం మీద కాలు పెట్టి నిలబడ్డాడు. జనమంతా "లాగండి, లాగండి!" అని అరుస్తున్నారు. నేనూ అరిచాను అక్కా. అరవకపోతే పక్కవాడు నావంక చూస్తాడు.

తర్వాత వసారాకి నిచ్చెనలు వేశారు. ఆయన పేరు గీకేశాక మేస్త్రీ కిందికి వంగి, "ఈ చిన్నక్షరాలు ఎవడివి?" అని అడిగాడు. "ఎవడో ఒకడు, గీకెయ్!" అని కిందనుంచి అన్నారు. నేను అక్కడే, నిచ్చెన మొదట్లోనే ఉన్నాను. రాతిపొడి నా టోగా మీద రాలింది. ఇంటికి వచ్చి దులుపుకుంటుంటే నాన్న గుర్తొచ్చాడు. తలెత్తి ఒక్కొక్క అక్షరమే చదువుకునేవాడని రాశావు చూడు, అది గుర్తొచ్చింది. నేను తలెత్తితే చదవడానికి అక్కడేం లేదు.

ఇప్పుడు ఏ వాకిట్లోనూ నన్ను నిలబడనివ్వరు. వీధిలో ఎదురొస్తే జనం చెప్పులు సర్దుకుంటున్నట్టు వంగిపోతారు. ఊరికి వద్దామంటే మొహం చెల్లడం లేదు. ఈపాటికి నువ్వు నాన్న అక్షరం మళ్లీ చెక్కించి ఉంటావు, ఆ మరుగుదొడ్డి మీంచి నా పేరు తీయించి ఉంటావు. తీయించడమే మంచిది. వల్గియస్ మనిషి పేరు గోడ మీద ఉంటే ఊరికే ప్రమాదం. నీమీద నాకు కోపం లేదని చెప్పడానికే రాశాను.

ఎవడో ఒకడు


సాల్వీన, అక్టోబరు మొదటి రోజు

ఎవడో ఒకడికి వాడి అక్క రాస్తున్నది. రాయనన్నాను, రాస్తున్నాను. మాట తప్పడం మన ఇంట్లో నీ ఒక్కడి సొత్తా?

నీ వేసవి ఉత్తరాలు విప్పకుండా అవతల పడేశాను. ఈసారి ముద్ర సగం విరిగి, వంకరగా పడి వచ్చింది, ఇది నీ తీరు కాదే అని విప్పాను. మళ్లీ తప్పులే రాశావు. ఒక్కొక్కటే దిద్దుతాను, విను.

మరుగుదొడ్డి పూర్తయింది. నలభై ఊళ్ల దూరంలో ఇలాంటిది లేదని అపెల్లికోన్ అంటున్నాడు, గొప్పలు చెప్పడంలో వాడు నీకు తగిన స్నేహితుడే. వసారాకని నువ్వు పంపిన పాలరాయంతా ఆసనాలైంది. కింద కాలవలో నీళ్లు గలగలా పోతాయి. కప్పుకి మన బట్టీ పెంకులు. ఊరి పెద్దలంతా పొద్దున్నే అక్కడే చేరుతున్నారు, సభలో తేలని తగాదాలు అక్కడ తేలుతున్నాయి. వెటులేనస్ తాతకి ఒక మూల ఆసనం అలవాటైపోయింది, ఇంకెవరైనా కూర్చుంటే లేపుతాడు. పూజారిణి చీపురు ఇప్పుడు ఊడవడానికే వాడుతోంది.

వల్గియస్ సంగతి ఇక్కడా తెలిసింది. పురసభలో ఒకాయన లేచి, "పబ్లియస్ వాళ్ల మనిషే కదా, పేరు చెక్కకుండా వదిలేస్తే పోలా?" అన్నాడు. తలుపు దగ్గర నిలబడాల్సినదాన్ని, లోపలికి నడిచాను. ఆడది సభలోకి వచ్చిందని గోల చేశారు. చెయ్యనిచ్చాను. గోల అణిగాక చెప్పాను.

"వాడు దద్దమ్మ. గొప్పలమారి. కన్నతండ్రిని కాదనుకున్నవాడు. ఇవన్నీ వాడి అక్కగా నేను అంటాను, నోరు నొప్పిపుట్టేదాకా అంటాను. కానీ మీరు రోజూ కూర్చునేది వాడి రాయి మీద. కూర్చుని లేచి, పేరు మాత్రం వద్దంటారా?"

వెటులేనస్ తాత ముందు చెయ్యెత్తాడు. చెక్కారు. పెద్ద అక్షరాలు. మెడ వెనక్కి వంచనక్కర్లేదు.

ఇంకో సంగతి. అపెల్లికోన్ వచ్చి, "అమ్మా, పేరు ఒక్కటే చెక్కితే కుదరదు. ఎవరి కొడుకో రాయాలి, లేకపోతే బానిస పేరనుకుంటారు. రాతి మీద పౌరుడి పేరు ఇలాగే ఉండాలి" అన్నాడు. ఇన్నేళ్లు రోములో ఉండి, ఉలితో ఊరిమీద పడిన పెద్దమనిషికి ఇది గుర్తే లేదు చూశావా! ఇప్పుడు గుమ్మం మీద ఇలా ఉంది:

పబ్లియస్ సబీడియస్, నుమేరియస్ కొడుకు, తన సొమ్ముతో కట్టించెను.

నువ్వు గీకెయ్యమన్న పేరు నీ పేరు పక్కనే ఉంది, నీ పాలరాతి మీద, నీ పేరంత పెద్దగా. రోములో నిన్ను పూర్తిగా చెరిపేశారు కదా. ఇక్కడ నువ్వున్నావు, ఆయన ఉన్నాడు కనక ఉన్నావు. మొదటిరోజు నేను ఆ రాయి కింద చాలాసేపు నిలబడి ఏడ్చాను. లోపలికి పోవాల్సినవాళ్లు పాపం బయటే ఆగిపోయారు. ఊళ్లో ఎవరైనా ఇంత ఇబ్బంది పెట్టి ఏడ్చి ఉండరు.

ఇక వచ్చెయ్యి. దారి మర్చిపోతే ఎవరినైనా పబ్లియస్ సబీడియస్ ఎక్కడ అని అడుగు. చంటిపిల్ల కూడా వేలు పెట్టి చూపిస్తుంది, మన ఇంటివైపు కాదనుకో. నవ్వుతారు. నవ్వించుకో. ఎవడో ఒకడు అనిపించుకోవడం కన్నా నయమే కదా. గంజి పొయ్యి మీదే ఉంటుంది.

నీ చివరి తప్పు కూడా దిద్దుతాను. వసారా మీద నాన్న పేరులో పోయిన ఆ మొదటి అక్షరం నేను చెక్కించలేదు. రూఫిల్లా అడిగింది, అపెల్లికోన్ ఊరికే చెక్కిపెడతానన్నాడు, తాత డబ్బిస్తానన్నాడు. ఎవరినీ ముట్టనివ్వలేదు. సంతరోజుల్లో అందరికీ అడ్డం వస్తున్నా సరే, ఆ నిచ్చెన తీయనివ్వలేదు. ఉలి మన బట్టీలో ఉంది, నాన్నదే.

సబీడియా,
నుమేరియస్ కూతురు